కల్లంలోని ఆకు ఎవరిది? ఎర్రగుడి శాసనం, కూటదంత సుత్తం, తర్లగూడ తునికాకు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బీజాపూర్ జిల్లాలోని తర్లగూడ, పూర్వపు బస్తర్ సంస్థానానికి దక్షిణపు కొసన, గోదావరి తీర మన్యంలో, తెలంగాణలోని ములుగు జిల్లా సరిహద్దును ఆనుకొని ఉన్న గ్రామం. హైదరాబాదు నుంచి వరంగల్లు, ఏటూరునాగారం మీదుగా భోపాలపట్నం చేరే 163వ జాతీయ రహదారి ఇక్కడే రాష్ట్రపు హద్దు దాటుతుంది. కాగితాల మీది భాష హిందీ. ఇళ్లలోనూ సంతలోనూ వినబడేవి తెలుగు, గోండీ, దొర్లల మాట. 1948లో సంస్థానం విలీనమై మధ్యప్రదేశ్‌లో భాగమైన ఈ సీమ, 2000లో ఛత్తీస్‌గఢ్‌కు, 2007లో కొత్తగా ఏర్పడిన బీజాపూర్ జిల్లాకు చెందింది. పాలించే రాజధాని మారిన ప్రతిసారీ మారనిది ఒకటున్నది. ఎండాకాలంలో కొద్ది వారాలపాటు ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవికి పోయి తునికాకు కోసి, నీడన కూర్చొని ఏబదేసి ఆకుల కట్టలు కట్టి, పొద్దు వాలే వేళకు లెక్కకు అప్పగించటం.

ఆ అప్పగించే చోటును హిందీ రికార్డు 'ఫడ్' అంటుంది. తెలుగు మాట్లాడే మన్యం దానిని 'కల్లం' అంటుంది. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి విషయం. కల్లం రైతు మాట. పంట నూర్చి, తూర్పారబట్టి, కొలిచి, రాజుకు చెందే భాగం రాజుకు, పనివారికి చెందేది పనివారికి ఇచ్చిన తరువాత మిగిలినది ఇంటికి చేర్చుకొనే చోటు అది. పంట తనది అయినవాడికే కల్లం ఉంటుంది. ఆకు ఏరేవారు తమ లెక్కల స్థలానికి ఆ పేరు పెట్టుకొనటంలో ఒక హక్కు భావన దాగి ఉన్నది. కాని ఆ కల్లంలో వారి చేతికి వచ్చే సొమ్ముకు రాజ్యం పెట్టిన పేరు 'సంగ్రహణ్ పారిశ్రమిక్', అనగా ఏరినందుకు కూలి. చోటు పేరు వారిని యజమానులని సూచిస్తున్నది. సొమ్ము పేరు కూలీలని తేల్చి చెబుతున్నది.

వ్యాపారం, ప్రభుత్వం, నీతి, సమాజం అనే నాలుగింటి సంబంధాన్ని గురించి బౌద్ధ అధ్యయన రంగంలో చర్చ వచ్చినప్పుడల్లా కొన్ని మూలాలు తప్పక ఉదహరింపబడుతుంటాయి. కళింగ యుద్ధం తరువాతి అశోకుని పశ్చాత్తాపం, దీఘనికాయంలోని కూటదంత సుత్తం, ఆచార్య నాగార్జునుని రత్నావళి వాటిలో ముఖ్యమైనవి. వీటిని ఆదర్శ రాజనీతికి నిదర్శనాలుగా ప్రశంసించటం పరిపాటి. ఆ ప్రశంస తప్పు కాదు. కాని ఈ గ్రంథాలను తర్లగూడ వంటి చోట నిలబడి చదివినప్పుడు వాటిలో ఒక ఖాళీ కనబడుతుంది. అక్కడ ఉండవలసిన మనిషి అడవిలో ఏరుకొని బ్రతికేవాడు.

ఎర్రగుడిలోని అడవి వాక్యం

కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని బండల మీద అశోకుని పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ ఉన్నాయి. పదమూడవది కళింగ శాసనం. పట్టాభిషిక్తుడైన ఎనిమిదవ ఏట కళింగను జయించినప్పుడు లక్షమంది హతులైనారని, లక్షన్నర మందిని తరలించుకొనిపోయినారని, అంతకు ఎన్నో రెట్లు మరణించారని రాజే చెప్పుకొన్న శాసనమది. దాని నడుమ అటవికులను గురించి ఒక మాట ఉన్నది. తన ఏలుబడిలోని అడవి జనులను కూడా రాజు అనునయిస్తున్నాడని, ఆలోచించుకొమ్మంటున్నాడని ఆ మాట సారాంశం. అంతటితో అది ఆగదు. పశ్చాత్తప్తుడైనప్పటికీ తనకు దండించే శక్తి ఉన్నదని, చేసినదానికి సిగ్గుపడి చావు తప్పించుకొమ్మని కూడా వారికి తెలియజేస్తాడు.

అహింస వైపు మరలిన రాజు అదే శాసనంలో ఒక వర్గాన్ని మాత్రం బెదిరింపుతో పలకరించటం గమనింపదగినది. ధౌళి, జౌగడలలో, అనగా కళింగ గడ్డ మీద, ఈ పదమూడవ శాసనం చెక్కబడలేదు. దాని స్థానంలో ఉన్న ప్రత్యేక శాసనాలలో రాజు మనుషులందరూ తనకు బిడ్డలవంటివారంటాడు. జయింపబడని పొలిమేర జనులు తనకు భయపడవలసిన పని లేదంటాడు. పొలిమేరకు అవతలివారికి అభయం, ఏలుబడిలోని అడవివారికి హెచ్చరిక! రాజ్యపు హద్దుకు లోపల ఉంటూ రాజ్యపు లెక్కకు అందనివాడి విషయంలో ధర్మవిజయ భాష తడబడినదని చెప్పక తప్పదు. ఆ తడబాటు చెక్కబడిన బండలలో ఒకటి తెలుగు నేల మీదనే ఉండటం తెలుగు పరిశోధకులు మరువరాని విషయం.

కూటదంతంలోని మూడు దానాలు

కూటదంత సుత్తంలోని మహావిజిత రాజు కథ ఇంతకంటె ఎంతో ఉదారమైనది. రాజ్యంలో దోపిడులు పెరిగినప్పుడు వధించి, బంధించి వాటిని ఆపలేవని పురోహితుడు రాజుకు చెబుతాడు. దానికి బదులు మూడు పనులు చేయమంటాడు. సేద్యం, పశుపాలన చేసేవారికి విత్తనమూ తిండీ, అనగా బీజభత్తం. వర్తకం చేసేవారికి మూలధనం, అనగా పాభతం. రాజోద్యోగులకు కూడూ జీతమూ, అనగా భత్తవేతనం ఇవ్వమంటాడు. ఎవరి పనిలో వారు నిమగ్నులైనప్పుడు రాజ్యానికి పీడ ఉండదని, జనులు తలుపులు తీసి ఉంచి బిడ్డలను ఆడించుకొంటూ బ్రతుకుతారని ఆ కథ చెబుతుంది. నేరానికి మూలం లేమిలో ఉన్నదని గుర్తించిన అతి ప్రాచీన రాజనీతి వాక్యాలలో ఇది ఒకటి. ఆధునిక సంక్షేమ రాజ్య భావనకు బీజం ఇందులో ఉన్నదని పలువురు వ్యాఖ్యానించారు.

అయితే ఈ మూడు దానాలలో ఆకు ఏరేవారికి చెందేది ఏది? వారు విత్తరు, కనుక బీజభత్తం వారికి పనికిరాదు. ఆకును బీడీల బట్టీలదాకా చేర్చే వర్తకం వారి చేతిలో లేదు. కనుక పాభతం వారికి అందదు. వారు రాజపురుషులు కారు; అయినా ఆధునిక రాజ్యం వారికి ఇస్తున్నది మూడవదైన వేతనమే. సుత్తంలో పేరు లేని మనిషిని రాజ్యం తనకు అనువైన గడిలో ఇరికించిందన్నమాట. సుత్తాన్ని సంక్షేమ రాజ్య నమూనాగా మెచ్చుకొనే వ్యాఖ్యలు ఈ ఇరికింపును గమనించలేదు. ఏదో ఒకటి ఇచ్చినారు గదా అన్న తృప్తి దగ్గరే అవి ఆగిపోయాయి. ఇచ్చినది దానమా, కూలియా, ధరయా, వాటాయా అన్న ప్రశ్న వేయలేదు. ఇచ్చిన మొత్తం ఒకటే అయినప్పటికీ ఈ నాలుగు మాటలూ నాలుగు వేరువేరు సంబంధాలను నిలుపుతాయి.

రాజ్యమే వర్తకుడైనప్పుడు

అటవీ ద్రవ్యాల వర్తకాన్ని రాజ్యం తన చేతిలో పెట్టుకొనటం కొత్త కాదు. కౌటిలీయ అర్థశాస్త్రం ఆ పనికి కుప్యాధ్యక్షుడనే అధికారినే నియమించింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1964లో తునికాకు వ్యాపార నియంత్రణ చట్టం చేసి కొనుగోలును తన గుత్తగా చేసుకొన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1971లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టంతో అదే దారి పట్టింది. కనుక రహదారి వెంబడి సరిహద్దు దాటి వాజేడు, వెంకటాపురం వైపు వచ్చినా సూత్రం మారదు.

న్యాయం కోసం ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. అంతకు ముందు కాంట్రాక్టరు చెప్పినదే లెక్క, ఇచ్చినదే ధర. కట్టలో ఆకు తక్కువని, ఆకు పలుచనని, మచ్చ ఉన్నదని కట్టలను తోసివేసి, తోసివేసిన వాటిని కూడా తానే ఉంచుకొనే పద్ధతిని అరికట్టటం గుత్త ఉద్దేశాలలో ఒకటి. 1980లలో సహకార పద్ధతి వచ్చింది. నేడు ఛత్తీస్‌గఢ్‌లో గ్రామస్థాయిని ప్రాథమిక వనోపజ సహకార సంఘాలు, వాటిపైన జిల్లా యూనియన్లు, రాష్ట్రస్థాయిని చిన్నతరహా అటవీ ఉత్పత్తుల సమాఖ్య ఉన్నాయి. ఏబది ఆకులు ఒక కట్ట. వేయి కట్టలు ఒక ప్రామాణిక సంచి, అనగా 'మానక్ బోరా'. సంచికి 2,500 రూపాయలుగా ఉన్న సేకరణ కూలిని 2018 ఎన్నికల తరువాతి ప్రభుత్వం 4,000కు, 2023 ఎన్నికల తరువాతి ప్రభుత్వం 5,500కు పెంచాయి. ఆకుల మీద అమ్మకపు లాభం వస్తే నికర లాభంలో 80 శాతం ఏరినవారికి పంచాలన్నది నియమం. ఇవి చిన్న మేళ్లు కావు.

కాని లెక్కను కొంచెం విప్పి చూడవలసి ఉన్నది. 5,500 రూపాయల సంచిలో 50,000 ఆకులుంటాయి. కట్టకు అయిదున్నర రూపాయలు, ఆకుకు పదకొండు పైసలు. 2,500 రూపాయల నాడు ఆకుకు అయిదు పైసలు. అయిదు పైసలు పదకొండు కావటానికి అడవిలో ఆకు మారలేదు. ఏరే చేతుల నైపుణ్యమూ మారలేదు. మారినది ఎన్నికల వాగ్దానం. బీడీ కంపెనీలూ వ్యాపారులూ టెండర్లలో ఆకు నాణ్యతను బట్టి, ప్రాంతాన్ని బట్టి, గిరాకీని బట్టి వేరువేరు ధరలు పలుకుతారు, అది వర్తకం. ఏరినవారికి మాత్రం రాష్ట్రమంతటా ఒకే రేటును ప్రభుత్వం ప్రకటిస్తుంది, అది పాలన. ఒకే ఆకు కల్లానికి ఇవతల పాలనా విషయం, అవతల వ్యాపార విషయం. ఏరినవారు ఆ రెండవ గదిలోకి అడుగుపెట్టరు. లాభంలో వాటా వచ్చినప్పుడు కూడా దాని పేరు 'ప్రోత్సాహన్ పారిశ్రమిక్'. వాటాదారుకు ప్రోత్సాహకం ఇవ్వరు; కూలీకే ఇస్తారు.

1964 చట్టంలోని ఒక నిర్వచనం ఈ వ్యవస్థకు తాళంచెవి వంటిది. ప్రభుత్వ అడవులలో పెరిగే తునికాకు విషయంలో 'పెంపకందారు' ఎవరంటే అటవీశాఖ. సొంత భూమిలో తునికి చెట్లున్న పట్టాదారు ఆకు అమ్మితే అది అతని పంట, అతనికి ముట్టేది ధర. ఊరి అడవిలో తరతరాలుగా ఏరుకొన్న కుటుంబం తెచ్చిన అదే ఆకు ప్రభుత్వపు పంట, వారికి ముట్టేది కూలి. విత్తనం చల్లనివాడు, నీరు పెట్టనివాడు, కొమ్మ కొట్టనివాడు కాగితం మీద పెంపకందారైనాడు. అదిన్నాదానం విషయంలో, అనగా ఇవ్వనిదానిని తీసుకొనటం విషయంలో, సూక్ష్మ విచారణ చేసిన వినయ సంప్రదాయానికి ఈ ప్రశ్న పరాయిది కాదు. ఒక వస్తువు ఎవరి అధీనంలో ఉన్నదో, ఎవరు తమదని భావిస్తున్నారో తేల్చకుండా దానిని ఇచ్చారని గాని, తీసుకొన్నారని గాని వినయధరులు నిర్ణయించరు. చట్టం మాత్రం ఒక్క నిర్వచనంతో ఆ విచారణను ముగించివేసింది.

గుత్త ఎవరి కోసమన్న ప్రశ్న న్యాయస్థానాలకు కూడా వెళ్లింది. ఒరిస్సాలో ప్రభుత్వం తన కెందు ఆకు గుత్తను పాత కాంట్రాక్టర్లకే కొనసాగింపుగా కట్టబెట్టబోగా 1969లో సుప్రీంకోర్టు దానిని చెల్లదన్నది. రాజ్యపు గుత్త ప్రజాప్రయోజనం కోసమే గాని కొందరు వ్యాపారుల లాభం కోసం కాదన్నది ఆ తీర్పు తాత్పర్యం. ప్రభుత్వం వర్తకం చేయవచ్చు. వర్తకునికి ముసుగు కారాదు. ఈ సూత్రాన్ని ఇంకొక అడుగు ముందుకు తీసుకొనిపోతే మరొక ప్రశ్న వస్తుంది. ప్రభుత్వం తనకు తానే వర్తకుడైనప్పుడు దానిని నిలదీసేది ఎవరు? 2025లో పొరుగున ఉన్న సుక్మా జిల్లాలో తునికాకు బోనస్ సొమ్ము దుర్వినియోగమైనదన్న ఆరోపణపై ఒక అటవీ అధికారిని రాష్ట్ర ఆర్థిక నేరాల విభాగం అరెస్టు చేసింది. నిజానిజాలు న్యాయస్థానం తేల్చవలసినవి. కాని కొనేవాడూ, కొలిచేవాడూ, చెల్లించేవాడూ, ఫిర్యాదు వినేవాడూ ఒక్కరే అయిన చోట నీతి మొత్తం ఆ ఒక్కరి మంచితనం మీద ఆధారపడుతుంది. అటువంటి ఏర్పాటు దృఢమైనది కాదు.

చట్టంలో యజమాని, కార్డులో కూలీ

ఈ లోపాన్ని భారత చట్టసభలు గుర్తించలేదని అనటానికి వీలు లేదు. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాలలో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల యాజమాన్యాన్ని గ్రామసభకు, పంచాయతీకి ఇవ్వాలన్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల నిర్వచనంలో తునికాకును పేరు పెట్టి చేర్చి, వాటిని సేకరించే, వాడుకొనే, అమ్ముకొనే యాజమాన్య హక్కు అడవివారిదని ప్రకటించింది. వారికి చారిత్రకంగా అన్యాయం జరిగిందని ఆ చట్టం తన పీఠికలోనే ఒప్పుకొన్నది. ఒక రాజ్యం తన పూర్వపు చర్యను అన్యాయమని చట్టంలో వ్రాసుకొనటం, పదమూడవ శిలాశాసనపు పశ్చాత్తాపానికి దగ్గరగా వచ్చే అరుదైన సందర్భం. ఛత్తీస్‌గఢ్ తన పెసా నియమావళిని 2022లో ప్రకటించింది. అయినా కార్డు మీద మాట 'పారిశ్రమిక్' గానే నిలిచింది. చట్టంలో యజమాని అయిన మనిషి కార్డులో కూలీగానే ఉన్నాడు.

దీనికి భిన్నమైన దారి ఎక్కడో లేదు. భోపాలపట్నం దాటి ఇంద్రావతి మీది వంతెన ఎక్కితే అవతలి ఒడ్డు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. ఆ జిల్లాలోని మేంఢా-లేఖా గ్రామసభ 2009లో సామూహిక అటవీ హక్కు పత్రం పొంది, 2011లో తన వెదురును తానే అమ్ముకొనే అధికారాన్ని సాధించింది. ఆ తరువాతి ఏండ్లలో ఆ జిల్లాలోని అనేక గ్రామసభలు తునికాకును కూడా తామే వేలం వేసి వ్యాపారులతో నేరుగా ఒప్పందాలు చేసుకొన్నాయి. అక్కడ అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పటానికి లేదు. కొన్ని ఏండ్లు మంచి ధర వచ్చింది; కొన్ని ఏండ్లు ధర పడిపోయింది; సొమ్ము చెల్లింపులో జాప్యం చేసిన వ్యాపారులూ ఉన్నారు. ప్రభుత్వ రేటు ఇచ్చే భద్రత అక్కడ లేదు. కాని ధర పడిన ఏడు ఎందుకు పడిందో గ్రామసభలో కూర్చున్నవారికి తెలుసు. లెక్క వారి ముందు జరిగింది. తప్పు జరిగితే అది వారి తప్పు, లేదా వారితో ఒప్పందం చేసుకొన్నవాడి తప్పు. సుత్తపు భాషలో చెప్పాలంటే అక్కడ ఏరేవారు భత్తవేతనపు గడి నుంచి పాభతపు గడిలోకి జరిగారు. అయితే పాభతం అంటే మూలధనం. ఒప్పందం చేసుకొనే అధికారం ఇచ్చి, సొమ్ము రాని ఏడు తట్టుకొనేందుకు మూలధనం ఇవ్వకపోతే ఆ దానం సగమే అవుతుంది. పురోహితుడు రాజుకు వర్తకం చేసుకోనిమ్మని అనుమతి మాత్రమే ఇప్పించలేదు, మూలధనం ఇమ్మన్నాడు.

భయం కూడా ఒక సుంకమే

బస్తర్‌లో తునికాకు లెక్క ప్రభుత్వ, వ్యాపార లెక్కలతో పూర్తి కాదు. మావోయిస్టులు 1980లలో ఈ అడవులలో బలపడటానికి ఆకు కూలి పెంపు పోరాటాలు ఒక కారణం. తరువాతి కాలంలో ఆకు కాంట్రాక్టర్ల నుంచి వారు చేసిన వసూళ్లు అందరికీ తెలిసినవే. కూలి పెంచమని వ్యాపారిని నిలదీసిన తుపాకి, అదే వ్యాపారి లాభంలో భాగస్వామి అయినప్పుడు దాని నీతి మాట అక్కడే ముగిసింది. మరొక వైపు 2005 తరువాత సల్వాజుడుం పేరిట ఊళ్లు ఖాళీ అయి శిబిరాలు వెలిశాయి. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా సాయుధులను చేయటం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో ఒకరు తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి. ఆ యువకులకు ఇచ్చిన సొమ్ము పేరు 'గౌరవ వేతనం'. ఆకు ఏరితే పారిశ్రమిక్, తుపాకి మోస్తే గౌరవ వేతనం. రెండు చోట్లా ఆ సొమ్ముకు హక్కు అనిగాని, జీతమనిగాని పేరు లేదు.

ఎర్రగుడి బండ మీది అడవి వాక్యాన్ని ఇక్కడ మళ్లీ చదవవలసి ఉన్నది. అనునయమూ హెచ్చరికా ఒకే వాక్యంలో వచ్చినప్పుడు వినేవాడికి చెవికెక్కేది హెచ్చరికే. బూట్లు పంచే పథకమూ, బోనసూ, పెంచిన రేటూ నిజమైన మేళ్లే అయినా, అవి యజమాని హక్కుగా గాక రాజు దయగా వచ్చినంత కాలం వాటి వెనుక ఆ రెండవ సగం వినబడుతూనే ఉంటుంది.

ఆకు చివరకు ఏమవుతుంది?

భిక్షువులు అడగక మానని ప్రశ్న ఒకటున్నది. ఈ ఆకు చివరకు బీడీ అవుతుంది. అంగుత్తరనికాయం ఉపాసకునికి నిషేధించిన అయిదు వర్తకాలు ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. పొగాకును వాటిలో చేర్చవలసినదేనన్న వాదం బలమైనదే. అప్పుడు తునికాకు ఏరటం సమ్యగాజీవం అవుతుందా? ఆ ప్రశ్నను తప్పించుకొనరాదు. కాని దానిని ఎవరి ముందు పెట్టాలన్నదే అసలు విషయం. సుత్తంలోని నిషేధం వర్తకానికి సంబంధించినది. తర్లగూడలో ఏరేవారు ఆకు వర్తకులు కారని రాజ్యమే తన కాగితాలలో తేల్చి చెప్పింది. ఆ వర్తకం చేస్తున్నది రాజ్యమూ, కంపెనీలూను. ఆకు అటునుంచి నిజామాబాదు, జగిత్యాల, కామారెడ్డి ప్రాంతాలలోని ఇళ్లకు చేరి, అక్కడి స్త్రీల చేతిలో బీడీ అవుతుంది. అక్కడ లెక్క వేయి బీడీలకు. అక్కడ కూడా నాసిరకమని కొన్ని బీడీలు తోసివేయబడతాయి. ఏబది ఆకుల కట్టతో మొదలైన ఈ గొలుసు వేయి బీడీల కట్టుబడితో ముగుస్తుంది. రెండు చివరలా లెక్క పెట్టేవారు వేరు, లెక్కకు చేతులరిగేవారు వేరు.

2017లో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు ఆకు మీద 18 శాతం, బీడీ మీద 28 శాతం విధించిన ప్రభుత్వం 2025 సెప్టెంబరులో వాటిని వరుసగా 5, 18 శాతాలకు తగ్గించాలని నిర్ణయించింది. విషమని పన్ను వేసేదీ, జీవనాధారమని పన్ను తగ్గించేదీ, ఆకు అమ్మి ఆదాయం పొందేదీ రాజ్యమే. పొగాకు నుంచి ఈ కుటుంబాలను మళ్లించే మరో బ్రతుకుదారి చూపవలసిన నైతిక బాధ్యత లాభం పొందినవారి వంతుకు ముందు వస్తుంది. పదకొండు పైసలు పొందినవారి వంతుకు చివర వస్తుంది. సమ్యగాజీవాన్ని వ్యక్తి శీలంగానే చదివే అలవాటు ఈ వరుసను తలకిందులు చేసి, అతి తక్కువ ఎంపిక ఉన్నవారి మీద అతి పెద్ద ప్రశ్నను మోపుతున్నది.

భట్టిప్రోలు గుర్తు చేసేది

తెలుగు నేల మీది బౌద్ధానికి వ్యాపారంతో వైరం లేదు. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపంలో వెలికితీసిన ధాతు పేటికల మీది లేఖనాలలో నిగమ సభ్యుల పేర్లు, గోష్ఠి ప్రస్తావన, కుబిరక రాజు పేరు కలిసి కనబడతాయి. వర్తకులూ పౌరులూ రాజూ ఒకే ధర్మకార్యంలో పేరు పేరునా నిలిచిన చిన్న రాతి పెట్టెలవి. ఎవరి పాత్ర ఎంతన్నదాని మీద పండితులు భిన్న పాఠాలు చెప్పవచ్చును గాని, దాతలు పేరు లేని గుంపుగా గాక పేర్లున్న భాగస్వాములుగా చెక్కబడినారన్నది స్పష్టం. ఆ పేటికల నుంచి తునికాకు కార్డు దాకా వచ్చేసరికి తప్పిపోయినది ఆ భాగస్వామ్యమే. కార్డు మీద ఏరినవారి పేరు ఉన్నది. కాని అది చెల్లింపు పొందినవారి పేరుగానే ఉన్నది.

శాతవాహన రాజును ఉద్దేశించినదని సంప్రదాయం చెప్పే రత్నావళిలో నాగార్జునుడు ఇంకా సూక్ష్మమైన సంగతులు ముట్టుకొన్నాడు. నష్టపోయిన రైతుకు విత్తనం, సుంకాల తగ్గింపు, సరకు కరువైనప్పుడు ధరలలో న్యాయం ఆయన సూచించిన వాటిలో ఉన్నాయి. వాటితోపాటు ద్వారం వద్ద వేచి ఉండే బాధను తొలగించమన్న సూచన కూడా ఉన్నది. ఇది వ్యాపారుల సుంకపు ద్వారానికి సంబంధించినదే కావచ్చు. కాని ఆకు అప్పగించి బోనస్ కోసం నెలలకొద్దీ, ఏండ్లకొద్దీ ఎదురుచూసేవారికి, దూరాన ఉన్న బ్యాంకు గడప వద్ద రోజు కూలి పోగొట్టుకొని నిలబడేవారికి ఆ సూచన అర్థం వివరించనక్కరలేదు. జాప్యాన్ని కూడా ఒక పీడగా లెక్కించిన ఆచార్యుని దృష్టి నేటి పథక రచయితలకు అవసరమైనది.

ఈ పరిశీలన కూటదంత సుత్తాన్ని తక్కువ చేయదు. దానిని మూడు వర్గాల పట్టికగా గాక ఒక సూత్రంగా చదవమంటున్నది. మూడు దానాలూ మూడు రకాల మనుషులకు కావటానికి కారణం ఒకటే. ప్రతి ఒక్కరికీ వారి పనిని వారిదిగా నిలబెట్టే సాధనం ఇవ్వాలి. రైతుకు జీతమిస్తే అతడు పాలేరు అవుతాడు. వర్తకునికి జీతమిస్తే గుమాస్తా అవుతాడు. అందుకే పురోహితుడు వారికి విత్తనమూ మూలధనమూ ఇమ్మన్నాడు. అడవిలో ఏరి బ్రతికేవారికి సుత్తం ఏమీ చెప్పలేదు. కాని సుత్తపు తర్కం చెబుతున్నది. వారికి ఇవ్వవలసినది ఆకు మీద యాజమాన్యం, దానిని అమ్ముకొనే అధికారం, అందుకు తగిన మూలధనం. వేతనం ఆ వరుసలో లేదు.

వారసత్వ పరిశోధకులు శాసనాల అచ్చులు తీసే శ్రద్ధతోనే కల్లం రిజిస్టర్లనూ సేకరించి భద్రపరచటం మంచిది. రేపటి చరిత్రకారునికి అవే ఈ కాలపు శాసనాలు. ఏ ఏడు సంచికి ఎంత ఇచ్చారన్నది మాత్రమే గాక, ఆ సొమ్మును ఏ మాటతో పిలిచారన్నది కూడా వాటిలో ఉంటుంది. తర్లగూడ కార్డు మీద 'పారిశ్రమిక్' అన్న గడికి పైన 'ధర' అన్న గడి చేరే రోజు వస్తే, ఎర్రగుడిలోని అడవి వాక్యానికి సమాధానం దొరికినట్లవుతుంది. అంతవరకు కల్లం అన్న మాట తెలుగువారి నోట మాత్రమే సత్యంగా ఉంటుంది.